ఘాటు తగ్గిన క్లోరిన్

క్లోరిన్ డబ్బా మూత పోయిన రోజున అద్దాలాయన ఇంట్లో పెద్ద ఉపద్రవమే వచ్చిపడింది. కాలం కాని కాలంలో కురిసిన వాన డబ్బాలోకి దిగి, పొడి కాస్తా రాయిలా గడ్డకట్టింది. గాలికెగిరిన మూత ఎక్కడా దొరకలేదు.

అద్దాలాయన అంటే బజారులో కళ్లద్దాల కొట్టాయన. ఇంటి వెనక ఆయనకో చిన్న ఈతకొలను ఉంది. ఆయనకి ఈత రాదు. మోకాళ్లు దాటి ఏనాడూ అందులో దిగలేదు. చలికాలం సగానికొచ్చింది కాబట్టి, ఇప్పుడు దిగి నేర్చుకుంటాడని అనుకోవడానికీ లేదు. అలాంటి మనిషి క్లోరిన్ కోసం ఊరి మీద పడ్డాడు.

మొదటి కొట్టువాడు ఆయన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"మీక్కావాల్సింది స్వెటరేమో సార్. పక్క కొట్లో దొరుకుతుంది."

రెండో కొట్లో సరుకుంది. ధర వేసవికి రెట్టింపు. ఇదేమిటని అడిగితే, "ఇప్పుడెవరూ కొనరు కదండీ, అందుకని" అన్నాడు యజమాని. ఈ ఆర్థికశాస్త్రం అద్దాలాయనకి బోధపడేలోపే అతను షట్టర్ దించి భోజనానికి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చేసరికి ప్రహరీగోడ మీద పక్కింటి పిన్నిగారి తల మొలిచి ఉంది.

"నీళ్లు పచ్చబడుతున్నాయి నాయనా. దోమలు పిల్లల్ని పెట్టాక చెప్పు, పేర్లు పెడదాం."

"పచ్చ కాదు పిన్నిగారూ, చెట్టు నీడ."

"ఆ చెట్టు పోయినేడే కొట్టించావు కదా."

అసలు గండం బావమరిది రూపంలో ఉంది. అతను నీళ్లు తోడే పంపులు అద్దెకిస్తాడు. ఫోన్ చేశాడంటే తోడేద్దామనే.

"బావా, కొలనున్న ప్రతివాడూ చలికాలం రాగానే నీళ్లు తోడించేసి, పైన పరదా కప్పి హాయిగా పడుకుంటాడు. నువ్వొక్కడివే వాటికి మందూ మాకూ వేసి సాకుతున్నావు."

"వేసవికి పనికొస్తాయి కదా."

"కొత్త నీళ్లకి కరువొచ్చిందా? ట్యాంకర్ నేను పంపిస్తా. తోడేటప్పుడు నువ్వు దగ్గరుండక్కర్లేదు, కొట్లో కూర్చో. నేనే చూసుకుంటా."

"వద్దులే."

"సరే, ఆదివారం వస్తా. అడుగున పలకలు కనిపిస్తే నీ మాట. పాచి కనిపిస్తే నా పంపు."

ఈ సంగతి బజారంతా పాకింది. కొట్టు ముందు టీ తాగేవాళ్లకి మంచి కాలక్షేపమైంది. నీళ్లు పారబోయడానిక్కూడా చెయ్యి రాని పిసినారిని ఇన్నాళ్లకి చూశామని నవ్వుకున్నారు. అద్దాలాయన వాళ్ల కళ్లద్దాలు తుడిచిచ్చాడు.

శనివారం నాటికి కొలను మూలల్లో పాచి తీగలు సాగింది. ఆ మధ్యాహ్నమే ఊరి చివర గోదాములో సరుకు దొరికింది. గోదాము మనిషి ఉత్సాహంగా ఒక డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టాడు.

"కొత్త సరుకు సార్. వాసనకే కళ్లు మండాలి. రెండు గుప్పెళ్లు వేశారంటే, నీళ్లలో మనిషి దిగిన ఆనవాలు కూడా మిగల్చదు. గ్యారంటీ."

డబ్బా మీదకి వెళ్లిన అద్దాలాయన చెయ్యి వెనక్కొచ్చింది.

"కొంచెం ఘాటు తక్కువది ఉందా?"

"ఘాటు తక్కువదా? మిరపకాయలు కొనడానికొచ్చి కారం లేనివి అడిగినట్టుంది."

"పాచి పట్టకపోతే చాలు. మిగతాదేమీ పోకూడదు."

"నీళ్లలో మిగతాదేముంటుంది సార్?"

అద్దాలాయన డబ్బాల మీది తేదీలు చదవసాగాడు. గోదాము మనిషి మూల నుంచి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి లాగాడు.

"పోయిన వేసవిది. బలం సగం చచ్చింది. సగం ధరకి పట్టుకెళ్లండి. బేరమాడటం మీ దగ్గర నేర్చుకోవాలి సార్. సరుకుని తిట్టకుండానే తగ్గించారు."

ఇంటికొచ్చి మూలల్లోని పాచిని బ్రష్షుతో గీకాడు. పొడిని బకెట్ నీళ్లలో కరిగించి, తేరిన నీటిని కొలను అంచు వెంట నడుస్తూ, పసిపిల్లకి పాలు పట్టినట్టు కొంచెం కొంచెంగా పోశాడు. దిగే మెట్ల దగ్గర మాత్రం పొయ్యలేదు. ఫిల్టర్ ఆన్ చేసి, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఆదివారం బావమరిది పంపుని బండి మీద వేసుకుని దిగాడు. గోడ మీద పిన్నిగారి తల అప్పటికే హాజరైంది. అతను గట్టు మీదకొచ్చి నీళ్లలోకి వంగి చూశాడు.

"పలకలేనా అవి? నాకు మసగ్గా కనిపిస్తున్నాయి."

"కొట్టుకి రా. అద్దాలు ఊరికే ఇస్తా."

"నువ్వు? ఊరికే? అయితే కనిపిస్తున్నాయిలే."

నవ్వుతూనే మెట్ల దగ్గర కూలబడి, మోచేతిదాకా నీళ్లలో ముంచాడు. కాసేపు అలాగే ఉంచాడు.

"చల్లగా ఉన్నాయి బావా" అన్నాడు.

చెయ్యి తుడుచుకోకుండానే లేచి, బండిని వెనక్కి తిప్పాడు.

"ఏమయ్యా, తోడవా?" అంది పిన్నిగారు.

"పంపు పాడైందండీ."

"ఇంకా బండి మీంచి దించనే లేదు. ఎప్పుడు పాడైంది?"

"ఇప్పుడే" అని బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు.

కిందటి వేసవిలో, ఆసుపత్రికి బయల్దేరే ముందురోజు సాయంత్రం అద్దాలాయన భార్య ఆఖరుసారి ఈదిన నీళ్లవి; ఆమె తిరిగి రాలేదు, కర్మలన్నీ అయిపోయాయి, ఆ నీళ్లు వదలడం ఒక్కటే ఇంకా జరగలేదు.