ఆ ఒక్క మాట దగ్గర

రూమియా భయమల్లా ఒక్కటే. రేపు నిండు సమాజమందిరంలో, ఆ ఒక్క మాట దగ్గర, భర్త ఒవద్యా నోరు జారతాడేమోనని.

"మళ్ళీ చదువు," అంది, జక్నూన్ రొట్టెల పిండిని పల్చగా సాగదీసి చుడుతూ. సబ్బాతు పొద్దుటికి తయారు కావాలంటే కుండ ఇప్పుడే పొయ్యి ఎక్కాలి.

"ఎన్నిసార్లే? చిన్నప్పటి నుంచీ నోటికొచ్చిన ముక్కే కదా."

"అందుకే నా భయం."

ఒవద్యా భుజం మీద నెలల బిడ్డ ఆవులించింది. "చూడు, నీ కూతురికే విసుగొచ్చింది."

ఆ మాట లేయా కథలోది. మందిరంలోని ధర్మశాస్త్రపు తోలు చుట్టలో రెండు మాటలు అతుక్కుపోయి ఒకే మాటగా రాసి ఉంటాయి. చదివేటప్పుడు మాత్రం విడదీసి 'అదృష్టం వచ్చింది' అని పలకాలి. రాసింది దిద్దకూడదు, చదివేది మార్చకూడదు. తాతల నాటి నుంచీ అంతే. రోష్ హాయిన్‌లోని ఈ యెమెను యూదుల వీధిలో పాలుతాగే పిల్లలకు తప్ప అందరికీ ఆ సంగతి తెలుసు. బడి మధ్యలోనే మానేసిన రూమియాకు కూడా మందిరంలో ఆడవాళ్ళు కూర్చునే జాలీ వెనక నుంచి విని విని వచ్చేసింది.

మగపిల్లలకు నేర్పింది ఒవద్యా తాత, పంతులు కాబట్టి అందరూ మోరీ అని పిలిచే సాలెం. ఉన్న ఒక్క పుస్తకం చుట్టూ నాలుగు వైపులా పిల్లల్ని కూర్చోబెట్టి, అక్షరాలు ఎవరికి తలకిందులుగా కనిపిస్తే వాళ్ళచేత అలాగే చదివించిన మనిషి. మందిరంలో ఎవరు పొల్లు తప్పినా మూల నుంచి ఆయన కేకే ముందు వచ్చేది.

పస్కా పండుగప్పుడు అవ్వ పోయింది. అప్పటినుంచి తాతయ్య నోరు విప్పలేదు. మందిరానికి వస్తాడు, మూలన కూర్చుంటాడు, పోతాడు. పెట్టింది కెలికి వదిలేస్తాడు. మునిమనవరాలు ఇంతవరకు ఆయన గొంతే వినలేదు. రేపు ఆ మాట దగ్గర తేడా వస్తే ఇక ఆయన మీద ఆశ వదులుకోవాల్సిందేనని రూమియా బెంగ.

పొద్దు వాలుతుండగా మందిరం పెద్ద పిన్హాసు గుమ్మంలోకి వచ్చాడు. "దిగులు పడకమ్మా. రేపు మీ ఆయన మీద ఎవ్వరూ అరవరు. అందరి దగ్గరా మాట తీసుకున్నాను."

"నీకు పుణ్యముంటుంది బాబాయ్."

మర్నాడు జాలీ వెనక పక్కింటి జోహరా ఆమెను మోచేత్తో పొడిచింది. "అలా పిసికితే బిడ్డ ఏడుస్తుందే. చదివేది మీ ఆయన, చెమటలు నీకా?"

ఒవద్యా గొంతు ఆ వాక్యం దగ్గరికి వచ్చేసింది. రూమియా జాలీకి ముఖం ఆనించింది.

అతను కలిపి చదివేశాడు. రాసి ఉన్నట్టే.

మందిరమంతా నిశ్శబ్దం. మామూలుగా అయితే ఈపాటికి నలుమూలల నుంచీ కేకలు లేచేవి. ఇవాళ ఒకాయన పైకప్పు చూస్తున్నాడు, ఇంకొకాయన కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. ఒవద్యా మెడ ఎర్రబడింది. గొంతు పెంచి మళ్ళీ చదివాడు. మళ్ళీ కలిపే.

మూలన బల్ల దడేల్మంది.

"ఒరే గాడిదా, ఆపు." మోరీ సాలెం లేచి నిలబడ్డాడు. తుప్పుపట్టిన తలుపులా కిర్రుమంది ఆయన గొంతు. "రెండు మాటలురా. అదృష్టం వచ్చింది. ఏదీ, చెప్పు."

"అదృష్టం వచ్చింది, తాతా."

"మీకందరికీ ఏం పుట్టింది? చెవుల్లో మైనం పోసుకు కూర్చున్నారా? పిన్హాసూ, నిన్నే."

పిన్హాసు తల దించుకున్నాడు. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి. జాలీ వెనక ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ పెళ్ళిలో లాగా కూతలు పెట్టారు. రూమియా కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

ఇంట్లో భోజనాల దగ్గర తాతయ్య నోరు ఒక్క క్షణం ఊరుకోలేదు. "జక్నూన్ అడుగంటింది. మెంతి పచ్చడిలో కారమేది? ఆ పిల్లనిటియ్యి." మునిమనవరాలిని ఒళ్ళో వేసుకుని 'అదృష్టం వచ్చింది' అని రాగం తీశాడు. "మీ నాన్న ఉత్త మొద్దు. నీకు నేనే నేర్పుతానే."

"అలాగే తాతా," అన్నాడు ఒవద్యా, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

తనూ భోంచేసి వెళ్ళబోతూ పిన్హాసు రూమియాను గుమ్మం పక్కకు పిలిచాడు. "అమ్మా, వెనక వీధి మోరీ మెనహేము కూడా ఎవరితోనూ మాట్లాడటం లేదట. ఓసారి వెళ్ళి చూసి రా."

"నేనేం చేయగలను బాబాయ్?"

"ఈసారి కూడా ఏం తప్పు చదవాలో నువ్వే చెప్పాలి."