అతుకు మీద అతుకు

"ఈసారి వాడి పరువు ఈ హాలు నడిమధ్యన కూలుతుంది, చూస్తూండు," అన్నాడు దయానందం పళ్లబిగువున.

"ఎవరి పరువండీ?" అంది భార్య వసంతకుమారి.

"ఇంకెవరిది? మీ అన్నయ్యగారిది!"

ద్వారకానాథ్ ఆవిడకి సొంత అన్నయ్యేం కాదు. ఇంటికొచ్చినప్పుడల్లా "చెల్లెమ్మా" అని నోరారా పిలిచి, రెండో కప్పు టీ కూడా తాగిపోయే మనిషి. తొంభయ్యో సంవత్సరం ఈస్టర్ సెలవుల్లో, సిడ్నీ పక్క పారమట్టాలోని ఆ స్కూలు హాల్లో, బల్లకి అటు చివర తన మూడంతస్తుల ఎర్ర పోస్టాఫీసు పక్కన పెళ్లికొడుకులా నిలబడి ఉన్నాడు. పిల్లలాడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో పెద్దవాళ్లు కట్టిన మేడలకి అక్కడ పోటీ.

కిందటేడు దయానందం ఇంట్లో టీ తాగుతూ, అతను కట్టిన రైల్వేస్టేషన్ని కెమెరాలోకి ఎక్కించుకుపోయాడు ద్వారకానాథ్. ఒక్క కిటికీ కూడా పొల్లు పోకుండా అదే కట్టి మొదటి బహుమతి కొట్టేశాడు. అడిగితే, "కాపీ ఏంటండీ దయానందం గారూ, ఇన్‌స్పిరేషన్!" అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు ఏడాదిగా దయానందం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

"మొన్న మనింట్లో వాడు ఫోటోలు తీసుకుపోయిన తెల్ల పోస్టాఫీసు ఉందే, అది నేను కావాలనే బల్లమీద పెట్టాను," అన్నాడు దయానందం గొంతు తగ్గించి. "గోడ పొడుగునా అతుకు మీద అతుకు పడేట్టు కట్టాను. కింది వరస అతుకుని పై వరస ఇటుక కప్పకపోతే గోడ నిలవదని మా ఊళ్లో తాపీ ముట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. వీడికేం తెలుసు, ఆఫీసులో కుర్చీ అరగదీసేవాడికి? చూడ్డానికి మేడ నిలబడే ఉంటుంది. లేపావో, బొరుగుల్లా రాలుతుంది. ఇక్కడ జడ్జి ప్రతి అంతస్తూ విడిగా లేపి చూడాలి. అదీ రూలు."

వసంతకుమారి మొహం చిన్నబోయింది. "ఏమండీ, ఆ పోస్టాఫీసు గురించే ఒక మాట..."

"తర్వాత. జడ్జి వస్తున్నాడు."

దయానందం తెచ్చింది చిన్న తెల్ల బంగళా. గెలవాలని తెచ్చింది కాదు. గెలిపించే ఇటుకలు ఇంట్లో గరాజ్‌లో, ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ సిడ్నీ నలుమూలలా గరాజ్ సేల్స్ తిరిగి, పాత బొమ్మల కుప్పల్లో వేళ్లు పెట్టి కెలికి ఏరుకొచ్చినవి. ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకవు. వాళ్ల నాన్న గంట కొట్టిన ఊరి చర్చిని వాటితో కట్టాలని అతని ఆశ. అందాకా ఆ పెట్టె మూత తనే తియ్యడు.

జడ్జి క్రిస్, గడ్డం నిమురుకుంటూ ఎర్ర పోస్టాఫీసు ముందు ఆగాడు. అందరూ ఆ మేడ అందం చూస్తున్నారు. దయానందానికి మాత్రం మేడ కనపడలేదు, అతుకులే కనిపించాయి. అచ్చం తను పెట్టినట్టే ఉన్నాయి. ఒక్కటీ తప్పలేదు.

క్రిస్ రెండు చేతులతో పై అంతస్తు పట్టుకుని లేపాడు.

ఒక్క ముక్క రాల్లేదు.

"బ్యూటిఫుల్!" అన్నాడు క్రిస్. ద్వారకానాథ్ ఇటు తిరిగి దయానందానికి కన్ను గీటాడు.

దయానందానికి నెత్తురు నెత్తికెక్కింది. ఒక్క అంగలో బల్ల దగ్గరికి పోయాడు. "క్రిస్, అడుగు తిప్పి చూడు. గ్లూ ఉంటుంది, మేట్!"

"ఏమండీ, వద్దండీ, ముందు నా మాట వినండి..." వసంతకుమారి మోచెయ్యి పట్టుకుని లాగింది. విదిలించుకున్నాడు.

క్రిస్ అంతస్తు తిరగేసి, రెండు ఇటుకల మధ్య గోరు దూర్చబోయాడు. దూరలేదు. వాసన చూసి మొహం చిట్లించాడు. "ఏరోప్లేన్ బొమ్మలు అతికించే గ్లూ. సారీ, మేట్. యూ ఆర్ ఔట్."

ద్వారకానాథ్ మొహం కందగడ్డయింది. "ఏం చెయ్యమంటారండీ? లేపినప్పుడల్లా కూలిపోతోంది. తెగించి జిగురు పెట్టేశాను. మెల్లిగా ఊడదీసుకుంటే..."

"ఊడదు!" హాలంతా తిరిగి చూసేలా అరిచాడు దయానందం. "అది ప్లాస్టిక్‌ని కరిగించి ఒకటి చేసేస్తుంది. సాక్షాత్తూ ప్రభువు దిగొచ్చినా ఒక్క ఇటుక ఊడదు! ఏదండీ మీ ఇన్‌స్పిరేషన్, ద్వారకానాథ్ గారూ? ఇంకా ఇంటికెందుకు మోసుకెళ్లడం?"

ద్వారకానాథ్ తల దించుకున్నాడు. "మీ ఇష్టం," అన్నాడు.

దయానందం ఆ మేడని స్వయంగా ఎత్తుకెళ్లి, గుమ్మం పక్కనున్న పెద్ద చెత్తడబ్బాలోకి వదిలేశాడు. ముక్కలు చెదిరిన చప్పుడు కాదు, బండరాయి పడ్డ చప్పుడైంది. ఆ చప్పుడుతో చెవిలో జోరీగ కూడా ఆగిపోయింది.

చేతులు దులుపుకుంటూ భార్య దగ్గరికొచ్చాడు. ఆవిడ కళ్లనిండా నీళ్లు.

"ఇందాకట్నుంచి ఏదో చెప్పాలంటున్నావుగా, ఇప్పుడు చెప్పు," అన్నాడు హాయిగా.

"మీరు అరుస్తారని చెప్పలేదండీ. చెల్లెమ్మా అని పిలిచి అడిగితే కాదనలేకపోయాను, పోటీ అవగానే ఊడదీసి తిరిగిచ్చేస్తానన్నారు," అంది వసంతకుమారి. "మన ట్రంకుపెట్టె మొత్తం ఆ చెత్తడబ్బాలోనే ఉందండీ."