రుమాలు దాక్కునే చోటు

"కనిపించింది," అంది అత్తగారు.

కోడలు విసుగ్గా చేతులు దించేసింది. పొడుగు చేతుల కుర్తాలోంచి ఎర్ర సిల్కు రుమాలు కొస నాలుక చాపినట్టు వేలాడుతోంది. లోపల కట్టుకున్న ఎలాస్టిక్ దాన్ని సగం దాకా లాగి ఆగిపోయింది.

"ఏం కనిపించిందండీ? చివర కాస్తేగా!"

"ఆ కాస్త చాలు, ఆ లాయరమ్మకి."

లాయరంటే ఎదురింటి పిల్ల. ఏడేళ్ళుంటాయి. దేన్నీ ఒక పట్టాన నమ్మదు. ఈ వీధికి కొత్తగా వచ్చిన కోడలి కూతురు పాపని పిల్లలెవరూ ఆటలోకి రానివ్వలేదు. ఆ ఉక్రోషంలో పాప "మా అమ్మకి మ్యాజిక్ వచ్చు, రుమాలు మాయం చేసేస్తుంది" అని కోతలు కోసేసింది. "సరే, నీ పుట్టినరోజుకి వచ్చి చూస్తాం. అబద్ధమైతే ఇంక నీతో ఎవ్వరం ఆడం" అని లాయరు తీర్పు చెప్పేసింది. అప్పట్నుంచీ పాప కంచం ముందు కూర్చుని కెలుకుతోందే గానీ తినడంలేదు. పుట్టినరోజు రేపే.

మ్యాజిక్ సామాన్ల కొట్టువాడు రుమాలు దాచడానికి మూడు రకాలు అంటగట్టాడు. ఎలాస్టిక్ పని అయిపోయింది. కోడలు రెండోది తీసింది, లోపల బోలుగా ఉన్న ప్లాస్టిక్ గుడ్డు. రుమాలు దాంట్లోకి కుక్కి, అరచేతిలో దాచి, చెయ్యి ఊపింది.

"కప్పని పట్టుకున్నట్టు పట్టుకున్నావేమ్మా," అంది అత్తగారు.

మూడోది బొటనవేలి తొడుగు. వేలి ఆకారంలోనే ఉంటుంది. రుమాలు దాంట్లోకి దూర్చి, పైనుంచి వేలు పెట్టేస్తే సరి.

"రంగు చూడు. వేలా, లిప్‌స్టిక్కా?"

కోడలికి ఒళ్ళు మండింది. "అయితే మీరే చేసి చూపించండి అత్తయ్యా."

"నాకెందుకమ్మా ఇవన్నీ," అంటూ ఆవిడ చేతులు కొంగులోకి దోపుకుంది.

ఎప్పుడూ అదే వరస. బైండింగ్ ప్రెస్సులో జీవితమంతా పుస్తకాలు కుట్టి, మిషన్ మీద అంచులు కోసిన మనిషి, ఈ మధ్యే కొడుకింటికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఒక చొక్కా గుండీ కుట్టిన పాపాన పోలేదు. సీసా మూత తియ్యదు. చెంచాతో తప్ప తినదు. ప్రెస్సు ఎందుకు మానేశావని కొడుకు అడిగితే "విసుగొచ్చిందిరా" అంది. కోడలు మనసులో ఆవిడకి దొరసాని అని పేరు పెట్టుకుంది.

"మూడింట్లోకీ తొడుగే నయం," అంది దొరసాని మళ్ళీ తనే. "అరచెయ్యి చూస్తారు, వేళ్ళ సందులు చూస్తారు, కుర్తా చేతుల్లోకి తొంగి చూస్తారు. బొటనవేలి వంక ఎవరూ చూడరు. కాకపోతే నువ్వు దాచావన్న సంగతి ముందు నువ్వే మరిచిపోవాలి. నీ చూపు దానిమీదికి పోయిందా, అందరి చూపూ అక్కడికే పోతుంది."

"పుట్టినప్పట్నుంచీ మ్యాజిక్కులు చేసినట్టే చెబుతున్నారు!"

ఆవిడ నవ్వింది.

మర్నాడు పిల్లలు వచ్చే వేళకి ముందు కోడలికి ఒక గొప్ప ఆలోచన వచ్చింది. తొడుగు గులాబీ రంగు పోయి తన చామనచాయలోకి రావాలంటే టీ డికాక్షన్‌లో నానబెడితే సరి. మరుగుతున్న గిన్నెలో పడేసి, జడ వేసుకోవడానికి వెళ్ళింది. తిరిగొచ్చి చూస్తే తొడుగు ఎండు చిక్కుడుకాయలా ముడుచుకుపోయి ఉంది. వేలు దూరదు సరికదా, అగ్గిపుల్ల కూడా దూరేలా లేదు.

గేటు చప్పుడైంది. "వచ్చేశారమ్మా!" అని పాప కేక పెట్టింది.

 కోడలు గరిటెతో తొడుగు పైకెత్తి అలాగే నిలబడిపోయింది. గుమ్మంలో అత్తగారు. ఆవిడ గరిటె వంక చూసింది, మనవరాలి మొహం వంక చూసింది.

"నా గదిలోకి రా. తలుపు వెయ్యి. అటు తిరిగి, చెయ్యి వెనక్కి పెట్టు."

"ఇప్పుడు దాగుడుమూతలేంటండీ!"

"పెట్టమన్నానా?"

వెనక ఏదో సర్దుకుంటున్న చప్పుడు. తర్వాత ఏదో వచ్చి బొటనవేలి మీద కూర్చుంది. మెత్తగా ఉంది, కాస్త వెచ్చగా కూడా. చెయ్యి ముందుకు తెచ్చుకుని చూసి కోడలు అదిరిపడింది. అచ్చం వేలే! గోటి మీద సన్నని గీతలు, కణుపు దగ్గర ముడతలు, రంగు తన ఒంటి రంగే. రుమాలు పట్టడానికి లోపల చోటు కూడా బాగానే ఉంది.

"ఇంత మంచిది ఎక్కడిదండీ? ముందే ఇస్తే ఏం పోయింది?"

"ప్రశ్నలు తర్వాత. పని కాగానే తెచ్చి నా చేతికే ఇవ్వు. వెళ్ళు."

హాల్లో లాయరు సిద్ధంగా ఉంది. "ఆంటీ, చేతులు చూపించండి. తిప్పండి. ఇప్పుడు కుర్తా చేతులు పైకి మడవండి."

కోడలు అన్నీ చేసింది. బొటనవేలి వంక మాత్రం చూడలేదు. రుమాలు పిడికిట్లోకి కొంచెం కొంచెంగా దూర్చింది, గుప్పిట మీద ఊదింది, వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది.

రుమాలు లేదు.

పిల్లల నోళ్ళు తెరుచుకునే ఉండిపోయాయి. లాయరు కుర్చీ కింద వెతికింది, ఆంటీ జడ ఎత్తి చూసింది. చివరికి పాప దగ్గరికి వచ్చి, "రేపు సాయంత్రం ఆటకి రా. ఆలస్యం చెయ్యకు," అంది.

హాలంతా చప్పట్లు. గది గుమ్మంలో దొరసాని మాత్రం చేతులు కొంగులోనే ఉంచుకుని నిలబడి ఉంది.

పాప ఎర్రబడ్డ మొహం చూసిన సంతోషంలో కూడా కోడలి మనసు చివుక్కుమంది. సొంత మనవరాలి పుట్టినరోజుకి రెండు చేతులు కలపడానికి కూడా బరువేనా ఈవిడకి? పిల్లలంతా వెళ్ళాక తొడుగు ఊడదీసి, గదిలోకి వెళ్ళింది. ఇవాళ అడిగేయాల్సిందే.

"అందరూ చప్పట్లు కొట్టారండీ, మీరు తప్ప."

అత్తగారు నవ్వింది. "ఇటివ్వమ్మా," అంటూ కొంగులోంచి కుడిచెయ్యి తీసి చాచింది.

ఆ చేతికి బొటనవేలు సగమే ఉంది.