తనిఖీకి కోటు

జులై 9. ఈరోజు పనులు: రెండు బకెట్ల బట్టలు, ఇడ్లీ పిండి, మా ఆయన పెళ్లినాటి కోటుకి ఇస్త్రీ.

మా పింకీ యూనివర్సిటీలో నాటకాల కోర్సు చదువుతానంది. మా ఆయన "ఆడపిల్లకి ఏసాలేటి?" అని, చిన్నపిల్లలకి చదువు చెప్పే ట్రైనింగు కాలేజీలో చేర్పించారు. అక్కడ పాఠం చెప్పేవాళ్లే లేరు. ఈరోజు తనిఖీ అనేసరికి, కొత్తవలసలో ఎరువుల కొట్టు నడిపే మా ఆయన్నే పిలిచి సైకాలజీ లెక్చరరుగా నిలబెట్టారు.

సాయంత్రం గుమ్మంలోనే మొదలెట్టారు. "పిల్లలు మొక్కలు, టీచరు తోటమాలి అన్నానే. ఆఫీసర్లు సప్పట్లు కొట్టీసినారు!"

పింకీ నాటకాల కోర్సు దరఖాస్తు ముందు పెట్టింది. గడువు ఈరోజే.

"సంతకం పెట్టు నానా. మనింట్లో ముందు ఏసం కట్టింది నువ్వే. లేదంటే ఆ ఆఫీసర్లకి మన ఎరువుల కొట్టు సూపించీస్తాను."

కోటు విప్పకుండానే సంతకం పెట్టారు. "ఇంతకీ, ఊళ్లో ఇంతమందుండగా నా పేరు ఆళ్లకి ఎవులు సెప్పినారే?" అని నన్నడిగారు.

మొన్న, తనిఖీకి నిలబెట్టడానికి మాటకారి మనిషెవరైనా ఉన్నారా అని కాలేజీ గుమస్తా ఫోన్ చేస్తే, ఎత్తింది నేను. మా ఆయనకి కాఫీ మాత్రం ఇచ్చాను.

సంతకం పెట్టించే పూచీ నాదని పింకీకి ఇచ్చిన మాట బాకీ చెల్లు.