కడ్డీల మధ్య ఖాళీ

"ఎవరండీ హీటర్ స్విచ్ కట్టేసింది?"

టీ తాగి వచ్చిన పరిశోధకురాలు గుమ్మంలోనే అరిచింది.

లోపల నలిగిన చొక్కాతో ఓ పెద్దమనిషి నిలబడి ఉన్నాడు.

"నేనేనమ్మా. తొట్టిలో నీళ్లు ఇగిరిపోయి మాడు వాసన వస్తుంటేనూ..."

"మాడితే మాడనివ్వాల్సింది! ఇంకా చాలాసేపు పెరగాలి అవి."

"ఏవి?"

"ఆ తొట్టిలోని పలక మీద జింక్ ఆక్సైడ్ కడ్డీలు. వెంట్రుకలో వెయ్యో వంతు లావుండవు. వాటి మొనల నుంచి ఎలక్ట్రాన్లు దూకితే ఎదురుగా తెర వెలుగుతుంది. సాయంత్రం తనిఖీకి పైనుంచి అధికారి వస్తాడు. తెర వెలక్కపోతే ఈ గదికి తాళం! ఏసీ బాగుచేయడానికొచ్చి నా కొంప ముంచారు కదండీ!"

నీళ్లు చూసుకోకుండా వెళ్లింది తనే. అది తెలుసు కాబట్టే గొంతు ఇంకా పెరిగింది.

ఆయన ఏసీ వంక చూశాడు. కాదనలేదు.

"ఇప్పుడీ పలకనేం చేస్తారు?"

"పారేస్తాను."

"ఎలాగూ పారేసేదేగా. ఒకసారి పరీక్షించి పారేయకూడదూ?"

"సలహాలు చాలు. ముందు బయటికి నడవండి!"

ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

కాసేపు ఏడ్చింది.

మరో పలక చేసే వ్యవధి లేదు. ఉన్నదాన్నే కడిగి, ఆరబెట్టి, గాలి తీసేసే పెట్టెలో తెరకి ఎదురుగా బిగించింది. వోల్టేజీ మెల్లగా పెంచింది.

తెర మీద ఓ ఆకుపచ్చ చుక్క.

పక్కనే ఇంకొకటి.

చూస్తుండగానే తెరంతా.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, మధ్యలో పెరుగుదల ఆగిన కడ్డీలు ఎడమెడంగా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎంత ఒత్తుగా పెరిగితే అంత మంచిదనుకుంది. అవి ఒకదానికొకటి అడ్డం నిలబడుతున్నాయని ఇప్పుడర్థమైంది.

డైరెక్టర్ గదికి పరుగెత్తింది.

"వెలిగింది సార్! ఆ అధికారి ఎప్పుడొస్తారు? నేనే చూపిస్తాను."

"పొద్దున్నే వచ్చేశారమ్మా. మధ్యాహ్నం బండికి వెళ్లిపోయారు కూడా."

ఆమె గోడ గడియారం వంక చూసింది.

"అయితే గది..."

"ఇంకో ఏడాది ఉంచమన్నారు."

"ఏం చూశారని సార్? నేనసలు ఆయన్ని కలవందే!"

డైరెక్టర్ కళ్లజోడు తీసి ఆమె వంక విచిత్రంగా చూశాడు.

"అదేంటమ్మా? పాడైన పలక కోసం తనని అంతలా తిట్టి తరిమిన మనిషి గదికి తాళం వేయడానికి చెయ్యి రాలేదన్నారే!"