మల్లన్న సీటు

ఆ రోజు వ్యాన్‌లో ఇంజిన్ ఆయిల్ పోసిందెవరు?

పదకొండేళ్లుగా పరశురాంను వదలని అనుమానం ఇది.

తార్నాకలో బడిపిల్లల్ని తిప్పే పాత మారుతీ వ్యాన్ అతనిది. మెకానిక్ కూలి మిగులుతుందని ఆయిల్ తనే మార్చుకుంటాడు. యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టళ్లకు పోయే దారిలో ఒక వేపచెట్టు ఉంది. దాని కింద లచ్చయ్య ఇస్త్రీ బండి. ఆ పక్క నీడలోనే పరశురాం పని.

లచ్చయ్య ఇస్త్రీ ఆపి మరీ చూసేవాడు.

"ఏంది తాతా, గట్ల చూస్తవ్? నేర్చుకుంటవా?"

"నేర్చుకుంటే తప్పేమున్నది బిడ్డా."

ఆ రోజు కూడా అంతే. ముందు సీటు పైకెత్తి, పాత ఆయిల్ తీసేసి, కింద బోల్టు బిగించాడు. కొత్త డబ్బా అందుకోబోతుంటే ఫోన్ మోగింది. భార్య స్వరూపకు నొప్పులు మొదలయ్యాయి.

ఎక్కడివక్కడ వదిలేసి, కనిపించిన ఆటో ఎక్కేశాడు.

ఆడపిల్ల పుట్టింది. అమల అని పేరు పెట్టుకున్నారు.

మూడో రోజు వేపచెట్టు దగ్గరికి వచ్చాడు. బిడ్డ ముఖమే కళ్లలో మెదులుతుంటే ఏదీ చూడకుండా తాళం తిప్పి బండి తీశాడు. తార్నాక చౌరస్తా దగ్గర గుర్తొచ్చింది.

ఆయిల్ పోయలేదు!

బండి పక్కకు ఆపి, సీటు ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల లాగి చూశాడు.

గీత దాకా ఉంది. తేనె రంగులో, కొత్త ఆయిల్.

సీటు వెనక ఖాళీ డబ్బా. దాని మీద ఒక పేపరు పొట్లం. ఆయిల్ జారేలా కొస తెంపి ఉంది. పై అంచున మూడు మడతలు, కత్తిలా పదునుగా.

చౌరస్తాలో మెకానిక్ ఎంకన్న ఇది విని ముక్కు మీద వేలేసుకున్నాడు.

"ఆయిల్ లేకుంటే గీడిదాక వస్తుంటివా? ఇంజిన్ పట్టేస్తుండె. కొత్త ఇంజిన్ అంటే యాభై వేలు. నీ బండి అమ్మినా రావు."

బండి లేకపోతే ఇల్లు గడవదు. పరశురాం పరుగు పరుగున వేపచెట్టు దగ్గరికి వెళ్లాడు.

"తాతా, నా బండి కాడికి ఎవరన్న వచ్చిండ్రా?"

"ఎవలొస్తరు బిడ్డా? నాకైతే ఎవ్వరు కనపడలే."

పరశురాం రెండు చేతులూ జోడించాడు.

"అయితే కొమురెల్లి మల్లన్నే! దవాఖానల మొక్కిన తాతా. ఆయనే వచ్చి పోసిండు."

లచ్చయ్య ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, నవ్వి, ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఊదుకున్నాడు.

అప్పటి నుంచి ఆ పొట్లం వ్యాన్‌లో మల్లన్న పటం వెనక ఉండిపోయింది. ఏటా జాతరకు చుట్టాలను ఎక్కించుకొని కొమురెల్లి వెళ్తాడు. తన పక్కన ముందు సీటు మాత్రం ఖాళీ. దాని మీద పసుపు బట్ట పరుస్తాడు. అది ఆయిల్ పోసినాయన సీటు.

"దేవుడు పేపర్ కొంటడా ఏంది? పొట్లం చుట్టి పోసుడేంది?" అని స్వరూప ఎగతాళి చేసేది.

పరశురాంకు భక్తి ఉంది. దాని పక్కనే అనుమానమూ ఉంది.

లచ్చయ్య కూడా ఏటా ఒక మాట అడిగేవాడు.

"ఈసారన్న నన్ను కొమురెల్లి తీస్కపోతవా బిడ్డా? మోకాళ్లు బస్సు ఎక్కనిస్తలేవు."

"జాగ లేదు తాతా."

"ముందు సీటు ఖాళీనే కద?"

"అది మల్లన్నది. వచ్చే ఏడు పక్కా తీస్కపోత."

అట్లా పది జాతరలు అయిపోయాయి. మొన్న కార్తీకంలో లచ్చయ్య నిద్రలోనే పోయాడు. ఇస్త్రీ పెట్టె ఇప్పుడు ఆయన భార్య సారలమ్మ చేతిలో ఉంది.

ఈసారి జాతరకు ముందురోజు పరశురాం వేపచెట్టు కింద పాత ఆయిల్ తీసేసి చూస్తే, గరాటు పగిలి ఉంది.

"ఆగు బిడ్డా," అంది సారలమ్మ.

బట్టలు చుట్టి ఇచ్చే పాత పేపర్ ఒకటి తీసింది. పొట్లం చుట్టి, కొస తెంపింది. పై అంచు లోపలికి మూడు మడతలు పెట్టి, విడిపోకుండా వాటిని ఇస్త్రీ పెట్టెతో ఒక్కసారి అదిమింది.

పరశురాం ఆ మడతల వంక చూసి వ్యాన్‌లోకి వంగాడు.

పటం వెనక నుంచి పాత పొట్లం తీసి పక్కన పెట్టాడు. అవే మడతలు. అదే పదును.

"అవ్వా, గిట్ల చుట్టుడు ఎవరు నేర్పిండ్రు?"

"ఇంకెవరు, మా ముసలాయన. నీ బిడ్డ పుట్టిననాడు నువ్వు అన్ని ఇడిసిపెట్టి ఉరికినవ్ కద. 'పోరడు ఆగమాగం మీదున్నడు, మర్చిపోయి బండి తీస్తడు' అని గిట్లనే చుట్టి పోసిండు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నేను గూడ గదే అడిగిన. 'దేవుడు పోసిండని మురుస్తుండు, ఆ సంబురం నేనెందుకు గుంజుకోవాలె' అన్నడు."

పరశురాం సారలమ్మ చుట్టిన పొట్లంతోనే ఆయిల్ పోసి, "రేపు తాత ఫొటో పట్టుకొని తయారుండు అవ్వా, కొమురెల్లి పోదాం," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వ్యాన్ అడిక్‌మెట్‌లో సారలమ్మ ఇంటి ముందు ఆగింది. వెనక చుట్టాలంతా కిక్కిరిసి ఉన్నారు. లచ్చయ్య ఫొటో కొంగు చాటున పట్టుకొని ఆమె గుమ్మంలోనే నిలబడింది.

"మమ్ముల ఏడ కూసోబెడ్తవ్ బిడ్డా? జాగ లేదంటివి కద."

కిటికీలోంచి అమల తల బయటపెట్టింది. నిన్నటి సంగతి ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

"అయితే ఆ రోజు మల్లన్న రానట్టేనా నాయినా?"

"వచ్చిండు బిడ్డా. నేనే జాగ లేదన్న."

పరశురాం దిగి, ముందు సీటు మీది పసుపు బట్ట సర్ది, లచ్చయ్య ఫొటోతో పాటు సారలమ్మను, పదకొండేళ్లుగా ఆయన కోసమే ఖాళీగా ఉంచిన సీటులో కూర్చోబెట్టాడు.