లకుముకి సంచి

"ఇంకో సంచి కుట్టిపెట్టవే, ఆదివారం లోపు," అంటూ వచ్చీ రాగానే నా మిషను పక్కన కూలబడింది పొడుగుది.

మా నలుగురు స్నేహితురాళ్లకీ తలా ఒక పిట్ట బొమ్మ కుట్టిన సంచి. షికార్లకెళ్లినప్పుడు కూడా కూర్చుని నేను కుట్టినవే. పొడుగుదానికి చిలుక, మిగతా ఇద్దరికీ గోరింక, పిచ్చుక, నాకు లకుముకి. ఎక్కడికెళ్లినా అవి భుజాన ఉండాల్సిందే.

"ఎవరికి?"

"మా తోడికోడలికి. ఊరికి కొత్త కదా, పొద్దుపోవట్లేదట."

"పాపం. హంసని కుట్టనా?" తెల్లదారం వెతకసాగాను.

"వద్దు. లకుముకినే కుట్టు."

"అది నాది కదే!"

పొడుగుది నా కత్తెర తీసుకుని ఊరికే ఆడించింది. "ఫొటోల్లో ఎప్పట్లా అవే నాలుగు పిట్టలూ ఉండాలట. వాళ్లిద్దరూ అన్నారు."

దారం ఎక్కించబోతున్న నా చెయ్యి ఆగిపోయింది. "ఆదివారం చెరువు షికారు మానుకున్నామన్నావు?"

"కారులో నలుగురికే చోటు. అయినా నువ్వొచ్చినా తల దించుకుని కుడుతూనే ఉంటావు. నీకు సరదా లేదేమో అనుకున్నాం."

"ఎవరి సంచులు కుడుతున్నానే?"

అది కత్తెర కింద పెట్టేసింది.

గోడకి తగిలించిన నా సంచి దించాను. కళ్లజోడు, దారపుండలు, నలిగిన బస్సు టికెట్లు మిషను మీద బోర్లించాను. ఖాళీ సంచి దులిపి దాని ఒళ్లో పెట్టాను.

"కొత్తదెందుకే, దండగ! ఇదే పట్టుకెళ్లు. పట్టీ నా ఎత్తుకి కుట్టుకున్నాను. ఆవిడకి మరీ వేలాడితే పంపించు, కుదించిస్తా."